కొత్తోళ్ల రొట్టె

పోయిన వారం మనం జీపును పానగల్లు దాటాక, కొల్లాపూర్ రోడ్డు పక్కన, బానెట్‌లోంచి తెల్లగా ఆవిరి కక్కుతుండగా వదిలేసి వచ్చాం. "మంట అంటుకున్నది, దిగుర్రి, దిగుర్రి!" అని తిమ్మమ్మ ఒకటే కేక. అయిదో నెల కడుపుతో ఉన్న కూతురు స్వరూపను రెక్క పట్టుకుని అందరికంటే ముందు దింపింది కూడా ఆమే. మంటా లేదు, పాడూ లేదు. కానీ సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున గుడారాలు వేసుకుని ఒక రాత్రి గడుపుదామని బయల్దేరిన రెండు కుటుంబాలు ఒక మామిడితోట కంచె పక్కన నిలబడిపోయాయి.

నడుమ వారాలు తప్పిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. స్వరూప గట్టు అనే ఊరి దగ్గరి రైతు భీమన్న, తిమ్మమ్మల కూతురు. దినేష్, వడ్డేపల్లికి చెందిన ఆశీర్వాదం, లలితమ్మల కొడుకు. ఇద్దరూ గద్వాలలో ఒకే బడిలో పంతుళ్ళు. మూడేళ్ళ కింద పెళ్ళి చేసుకున్నారు. కులం వేరు, దేవుడు వేరు, ఒకరిది భూమి ఉన్న ఇల్లు, ఇంకొకరిది బొంబాయి, పూనా దాకా కూలికి పోయి వచ్చిన ఇల్లు. ఆ మూడేళ్ళలో తిమ్మమ్మ కూతురి అత్తగారింటికి మూడుసార్లు వచ్చింది, ఒక్కసారి కూడా మంచినీళ్ళు ముట్టలేదు. స్వరూప అన్న హరీష్ అయితే "ఆ ఇంటి మెతుకు ముట్టినోళ్లు నాకేం గారు" అని పెళ్ళి రోజునే తేల్చేసి, చెల్లెలితో మాటలు బంద్ చేశాడు.

అందుకే స్వరూప ఈ ప్రయాణం పన్నింది. ఏటి ఒడ్డు అటువాళ్ళ ఇల్లూ కాదు, ఇటువాళ్ళ ఇల్లూ కాదు. అక్కడైనా అమ్మ తన అత్త చేతి ముద్ద తింటుందేమో, బిడ్డ పుట్టేలోపు ఆ ఒక్కటి జరిగితే చాలు అని ఆమె ఆశ. తిమ్మమ్మ వస్తానంది, ఒక్క షరతు మీద. తన తిండి తన ఇంటి నుంచే వస్తుంది. నాలుగు గిన్నెల క్యారేజీ, పాత చీర ముక్కలో మూట కట్టుకుని వచ్చింది. ఆ మూట సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇక ఈ వారం.

ఆడవాళ్ళు, దినేష్ తోట నీడకు వెళ్ళారు. జీపు దగ్గర వియ్యంకులిద్దరే మిగిలారు. ఆశీర్వాదం తువ్వాలు చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తాడు. ఇరవై ఏళ్ళు పని సైట్లలో రకరకాల మిషన్లు నడిపి, ఇప్పుడు ఈ పాత జీపులో పత్తి చేన్లకు కూలీలను దింపే మనిషి. ఇంజన్ జబ్బు వాసనతోనే పట్టేస్తాడు. ఆ రోజు వచ్చిన వాసన మాత్రం ఆయన అనుభవంలో లేనిది.

"బావా" అన్నాడు మెల్లగా. మూడేళ్ళలో ఆ పిలుపు ఇదే మొదలు. "ఇంజన్ల కెళ్లి వంకాయ కూర వాసనొస్తుందేంది?"

భీమన్న తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ కట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"నేనే పెట్టిన" అన్నాడు చివరికి. "ట్రాక్టర్ మీద రోజు గట్లనే పెడ్త. సైలెన్సర్ పక్కన పెట్టి దున్నుకుంట పోతే పగటాల్లకు వేడివేడిగ ఉంటది. రొట్టె సల్లబడితె మా ఆమెకు సైసదు. పెబ్బేరుల నువ్వు రేడియేటర్ల నీళ్లు పోసి చాయ్ కాడికి పోయినవు గద. పెట్టుమన్నది, పెట్టిన."

"ట్రాక్టర్ మీద అది బయటుంటది బావా. దీనికి లోపల ఫ్యాన్ తిరుగుతది."

"ఇప్పుడు సమజైంది."

జీపు గతుకుల్లో ఎగిరినప్పుడు మూట జారింది. చీర ముక్క ఫ్యానుకు చుట్టుకుంది, బెల్టు పుటుక్కున తెగింది, క్యారేజీ సొట్టలు పడి బ్యాటరీ మూలన ఇరుక్కుంది. రేడియేటర్ నిండా వంకాయ ముక్కలు. ఆశీర్వాదం నవ్వు ఆపుకోలేక జీపు అవతలి పక్కకు వెళ్ళి, కడుపు పట్టుకుని, కాసేపు ఉండి వచ్చాడు. భీమన్నకు కూడా నవ్వొచ్చింది కానీ నవ్వే హక్కు తనకు లేదనుకుని ఊరుకున్నాడు.

"తన మూటతోనే బండి ఆగిందని తెలిస్తె ఆమె తల ఎత్తదు" అన్నాడు గొంతు తగ్గించి. "నీ జీపును పొద్దుగాల్నుంచి తిడుతుంది గద. జర నువ్వే ఏదన్న చెయ్యి."

ఆశీర్వాదం ఒక్క క్షణం ఆలోచించాడు. ఫ్యానుకు చుట్టుకున్న ఆవపువ్వు రంగు గుడ్డను విప్పి లాగి, లాల్చీ జేబులో కుక్కుకున్నాడు. క్యారేజీని సీటు కిందికి తోశాడు. భీమన్న ఫోను తీసుకుని రోడ్డు వెంట నడిచాడు. ఎవరికి చేశాడో ఇప్పుడు చెప్పను, అది మీకే తెలుస్తుంది.

నీడలో తిమ్మమ్మ సిద్ధంగా ఉంది. పెద్ద కోపం ఉన్న మనిషి కాదు. కానీ ఆకలి, ఎండ, వియ్యపువాళ్ళు, మూడూ ఒక్కసారే మీద పడితే ఎవరైనా కొంచెం గొంతు పెంచుతారు.

"గిసొంటి బండిల కడుపుతోటున్న పిల్లను ఎక్కిస్తరా? బండి బాగున్నదో లేదో సూస్కునే తెలివి లేదా? నా బిడ్డకేమన్న అయితె? మా ట్రాక్టర్ పదేండ్ల నుంచి నడుస్తుంది, ఒక్కరోజు గిట్ల నడుమల నిలబడలె!"

"అమ్మా, ఊకో" అంది స్వరూప.

"ఎందుకు ఊకుంట? అడిగేటోళ్లు ఎవరన్న ఉండాలె గద!"

దినేష్ ఏదో అనబోయాడు. అప్పుడే ఆశీర్వాదం వచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "తప్పు నాదే చెల్లె. బెల్టు పాతదైంది, తెగింది. మార్చాల్సి ఉండె, మార్చలే."

"మొన్ననే గద నాయినా..." అని మొదలుపెట్టాడు దినేష్. తండ్రి చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు. ఆ చూపు లలితమ్మ చూసింది. కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"సరె. కృష్ణ దాకా పోలేము. గిక్కడనే ఉందాం. ఏం తక్కువ? నీడున్నది, నీళ్లున్నయి."

తోట కాపలా జంగమ్మను అడిగితే ఆమె సంతోషంగా బోరు చూపించింది. పూతకు వచ్చిన కొమ్మలు మాత్రం విరవొద్దంది. దినేష్ కొత్త గుడారాల సంచులు విప్పి, ఫోన్లో వీడియో పెట్టుకుని, కడ్డీలు ఒకదాంట్లో ఒకటి గుచ్చుతూ అరగంట కష్టపడ్డాడు. నిలబెట్టిన ప్రతిసారీ గుడారం ఒక పక్కకు ఒరిగి చతికిలబడింది. లలితమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"లే బిడ్డా. నువ్వు పంతులువు, నీకు రాదు." అతన్ని పక్కకు జరిపి, ముందు నేల మీద నీళ్ళ చెంబు వంచి వాలు ఎటుందో చూసింది. చీమల పుట్ట లేదని తేల్చుకుంది. గాలి ఎటునుంచి వస్తోందో మట్టి చిటికెడు వదిలి చూసింది. పావుగంటలో రెండు గుడారాలూ నిటారుగా నిలబడ్డాయి. "ఇరవై ఏండ్లు డేరాలనే బతికిన. నువ్వు పుట్టింది గూడ డేరాలనే. పైసలు పెట్టి మళ్ల డేరాల పండుకుంటనని అనుకోలే."

భీమన్న గట్టిగా నవ్వాడు. తిమ్మమ్మకు నవ్వు రాలేదు కానీ, ఆ చేతుల పనితనం మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. పొలం మనిషికి పని చేసే చేతులు కనపడితే కళ్ళు అక్కడే ఉంటాయి.

మూడు రాళ్ళు, ఎండుపుల్లలు, పెనం. లలితమ్మ జొన్నపిండి కలిపి మొదటి రొట్టె తట్టింది. ఆ చప్పుడుకు ఆశీర్వాదం ఎక్కడున్నవాడు అక్కడినుంచి వచ్చి కూర్చున్నాడు. ఆకలిగా ఉన్న దినేష్ చెయ్యి చాస్తే, లలితమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది.

"మొదటిది నీకు గాదు."

"మరి ఎవరికత్తా?" అంది స్వరూప.

"కొత్తోళ్లకు. పని కాడికి రెండు దినాలు, మూడు దినాలు లారీల పడి వచ్చేటోళ్లు. పొయ్యి ఉండదు, పిండి మూట విప్పే ఓపిక గూడ ఉండదు. అందుకని ఏ గుంపోళ్లయినా సరె, ఆ పూట మొదటి రొట్టె కొత్తగ దిగినోళ్లకే. మీది ఏ ఊరు, మీరు ఎవరోళ్లు అని రొట్టె చేతుల పెట్టినంక అడిగేది. మేము మొదటిసారి పోయిన్నాడు ఒక ముసలామె నాకు గట్లనే పెట్టింది. ఆమె మాట గూడ నాకు సమజుగాలె. రొట్టె సమజైంది." ఆ రొట్టెను పళ్ళెంలో తీసి, మీద మూత పెట్టి పక్కన ఉంచింది. ఎవరికని చెప్పలేదు, ఎవరివైపూ చూడలేదు.

తిమ్మమ్మ కొంచెం దూరంగా తన చాప, తన నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది. పొద్దున ఆరింటికి చాయ్ తాగిన కడుపు. రొట్టె వాసన ఎటు తిరిగినా వస్తోంది.

"ఏమయ్య, మన క్యారేజీ తే" అంది.

"అప్పుడే ఆకలేంది? జర ఆగు" అన్నాడు భీమన్న, మామిడి కొమ్మల్లో దేనికోసమో వెతుకుతున్నట్టు పైకి చూస్తూ.

"అప్పుడే ఏంది, మూడైతుంది. ఎక్కడ పెట్టినవు? ఇంజన్ కాడనే ఉన్నదా ఇంకా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే ఏదో తట్టింది. లేచి జీపు దగ్గరికి నడిచింది. భీమన్న రెండడుగులు వెంట వేసి ఆగిపోయాడు. సీటు కింద క్యారేజీ దొరికింది. మూత ఊడదీస్తే రొట్టెల మీద నల్లటి ఆయిలు, కూర గిన్నె ఖాళీ, పక్క గిన్నె నొక్కుకుపోయి ఉంది. కట్టిన గుడ్డ మాత్రం లేదు. తిమ్మమ్మ బానెట్ సందులోకి వంగి చూసింది. రేడియేటర్ మీద వంకాయ తొడిమె ఒకటి ఎండి అతుక్కుని ఉంది.

ఆ క్యారేజీ చేత్తో పట్టుకునే వెనక్కి వచ్చింది. నేరుగా ఆశీర్వాదం ముందు నిలబడింది. లాల్చీ జేబులోంచి ఆవపువ్వు రంగు గుడ్డ ఎర్రంచు బయటికి వేలాడుతోంది.

"అన్నా, ఆ జేబుల ఏంది?"

ఆశీర్వాదం జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆలస్యమైపోయింది. "ఏం లేదు చెల్లె. చేతులు తుడుసుకునే గుడ్డ."

"అది నా చీర ముక్క. నేను కట్టి తెచ్చిన." ఆమె సొట్టల క్యారేజీ ముందుకు చాచింది. "బెల్టు పాతదంటివి."

"పాతదే..."

"కాదు అత్తమ్మా" అన్నాడు దినేష్, ఇక ఆగలేక. "నెల గూడ కాలే ఏసి. నేనే గద్వాల కెళ్లి తెచ్చిన."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చాక లలితమ్మ దాన్ని తిప్పేసింది. తిమ్మమ్మ ఉన్నచోటే కింద కూర్చుంది, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని.

"గంట సేపు తిట్టిన" అంది. "బండిని తిట్టిన, నిన్ను తిట్టిన, పిల్లగాన్ని తిట్టిన. నా మూటనే గద ఆపింది! ఒక్క మాటన్న అనకపోతివి అన్నా."

"అంటె ఏమొస్తది చెల్లె? బెల్టు అతుక్కుంటదా?" అన్నాడు ఆశీర్వాదం. "బావ గూడ పరేషాన్ అయిండు. నాకు నవ్వొచ్చింది, గంతే. రేడియేటర్ల గింత మంచి కూర నేను ఎన్నడు సూడలే."

భీమన్న ఫక్కున నవ్వి, భార్య మొహం చూసి నోరు మూసుకున్నాడు. స్వరూప వచ్చి తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మూడేళ్ళు గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"అమ్మా, ఒక్కటి అడుగుత. రేపు బిడ్డ పుడతది. ఆ ఇంట్లనే పెరుగుతది. నువ్వొస్తవు. ఆ బిడ్డ నడుసుకుంట వచ్చి, సగం కొరికిన రొట్టె ముక్క నీ నోటికాడ పెడతది. అప్పుడు గూడ మొహం తిప్పుకుంటవా?"

తిమ్మమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకోలేదు, చేతులు రెండూ క్యారేజీని పట్టుకునే ఉన్నాయి.

"తినొద్దని కాదు బిడ్డా" అంది. "మొదటి రోజు కోపముండె, తినలే. రెండోసారి మీ అన్న మాట యాదికొచ్చి తినలే. మూడోసారి కోపం లేదు, ఏం లేదు. కాని రెండుసార్లు తినకపోతి, ఇప్పుడెట్ల తినాలె, ఏం మొహం పెట్టుకోని తినాలె అని సిగ్గయింది. తినని దినాలు ఎక్కువైనయి. ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వకపాయె."

స్వరూప తల్లి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఇన్నాళ్ళూ అమ్మకు తను అక్కర్లేదేమో అనుకుంది. అమ్మకు సిగ్గు మాత్రమే అని తెలిసి గుండె మీది బరువు దిగిపోయింది. ఆ ఏడుపులో బాధ కంటే సంతోషమే ఎక్కువ.

లలితమ్మ లేచింది. మూత పెట్టిన పళ్ళెం తీసి, మీద ఎల్లిపాయ కారం, కాస్త టమాట పప్పు వేసింది. వచ్చి తిమ్మమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఒళ్ళోని క్యారేజీ మెల్లగా తీసి పక్కన పెట్టి, ఆ చోట పళ్ళెం పెట్టింది.

"ఇది మా ఇల్లు గాదు, మీ ఇల్లు గాదు. డేరా. డేరాకు నువ్వే కొత్త వదినె. కొత్తోళ్ల రొట్టె అడిగి పెట్టేది గాదు, వద్దనేది గాదు. తిను."

తిమ్మమ్మ పళ్ళెం వంక చూసింది. రొట్టె అంచు తుంచింది. కారంలో అద్దింది. అయిదుగురూ ఎటో చూస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నారు. నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది.

"కారం జర ఎక్కువైంది" అంది.

దానికి అందరూ నవ్విన నవ్వుకు తోట చివర జంగమ్మ కూడా తొంగిచూసింది. ఆ తర్వాత పళ్ళాలు కదిలాయి. భీమన్న నాలుగు రొట్టెలు తిని అయిదోదానికి చెయ్యి చాచాడు. లలితమ్మ రెండోసారి పప్పు వేయబోతే తిమ్మమ్మ "సాకు, సాకు" అని చెయ్యి అడ్డం పెట్టింది. గట్టు దిక్కు ఆడవాళ్ళు చాలు అనడానికి అలాగే అంటారు, కన్నడ మాట. లలితమ్మ వినిపించుకోకుండా వేసేసింది. తిమ్మమ్మ కూతురి పళ్ళెంలోకి తన రొట్టె ముక్క తుంచి వేసింది. స్వరూప తింటూ కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఇక కృష్ణ ఒడ్డు చూడకపోయినా ఫర్వాలేదనుకుంది.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద మోటారు సైకిల్ ఆగిన చప్పుడైంది.

భీమన్న చేతిలోని రొట్టె గాల్లోనే ఆగిపోయింది. తను చేసిన ఫోను ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. వనపర్తిలో విత్తనాల గోడౌనులో పని చేస్తున్న కొడుకు కంటే దగ్గర్లో ఇంకెవరూ లేరని, 'సోమశిల గుడికి పోతుంటె జీపు ఆగిపోయింది, బెల్టు తీస్కరా' అన్నాడు. ఎవరి జీపో చెప్పలేదు. ఎవరితో పోతున్నారో అసలే చెప్పలేదు.

హరీష్ కంచె సందులోంచి లోపలికి వచ్చాడు. చేతిలో కొత్త ఫ్యాన్ బెల్టు. ముందు తండ్రిని చూశాడు. తర్వాత ఆశీర్వాదాన్ని, దినేష్‌ను. మూడేళ్ళుగా చూడని చెల్లెల్ని, ఆమె కడుపును చూశాడు. చివరికి అతని చూపు తల్లి ఒళ్ళోని పళ్ళెం మీద ఆగింది.

"అమ్మా" అన్నాడు. "ఏం తింటున్నవు?"

తిమ్మమ్మ చెయ్యి తనకు తెలియకుండానే కొంగు మీదికి పోయింది, పళ్ళెం కప్పుదామని. స్వరూప ఆ చేతినే చూస్తోంది. కొంగు సగం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. తిమ్మమ్మ దాన్ని వెనక్కి తీసి భుజం మీద వేసుకుని, పళ్ళెం అందరికీ కనపడేలా కాస్త ముందుకు జరిపింది. పొయ్యివైపు తిరిగింది.

"వదినె" అంది. మూడేళ్ళలో ఆమె నోట ఆ మాట ఇదే మొదలు. "ఇంకో రొట్టె ఎయ్యి. నాకంటె కొత్తోడు వచ్చిండు."

లలితమ్మ పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. తట్టింది, కాల్చింది. పొంగిన రొట్టెను పళ్ళెంలో వేసి, ఎల్లిపాయ కారం పెట్టి, చాప అంచున, ఖాళీగా ఉన్నచోట ఉంచింది. హరీష్ ఆ పళ్ళేన్నే చూస్తూ నిలబడ్డాడు. చాప మీద కూర్చోవాలంటే ముందు చెప్పులు విడవాలి. అతను ఇంకా విడవలేదు.